శిశు తరగతులు: నిర్బంధం ఎవరి మీద?

(రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సాధారణంగా ఈ వేదికపై మేము కరువు భత్యం గురించీ, ఖాళీ పోస్టుల గురించీ, పింఛను గురించీ మాట్లాడుతాము. ఈసారి మూడేళ్లు నిండి ఆరేళ్లు నిండని పిల్లల చదువును గురించి మాట్లాడవలసిందని ఆహ్వాన సంఘం వారు కోరినప్పుడు, ఇది సంఘం పనియా, ఎవరి ఇంటి సంగతి వారు చూసుకొనవలసినదియా అని మాలో కొందరు సందేహించిన మాట వాస్తవం. ఆ సందేహం ఎంత పొరపాటో బ్రాంచి కార్యాలయాలకు వచ్చిన అర్జీలు చదివిన తరువాతగాని మాకు బోధపడలేదు. బదిలీల మీద వచ్చే అర్జీలలో సగం, లోతుకు పోయి చూస్తే, పిల్లల బడి గురించిన అర్జీలే.

అందులో ఒకదానితో ప్రారంభిస్తాము. ఒక చిన్న స్టేషనులో పనిచేసిన పాయింట్స్‌మన్ సోదరుడు ఉన్నాడు. అక్కడ ప్రైవేటు బడి లేదు. ఉన్నదల్లా ఊళ్లో అంగన్‌వాడీ. కుమారుడు మూడేళ్ల వయసు నుండి అక్కడికే వెళ్లాడు. పాటలు నేర్చుకున్నాడు, పది వరకు లెక్కించడం నేర్చుకున్నాడు, మధ్యాహ్నం గుడ్డుతో అన్నం తిన్నాడు. అతనికి ఆరేళ్లు నిండిన సంవత్సరమే తండ్రికి జంక్షనుకు బదిలీ అయినది. అక్కడ క్వార్టర్సుకు దగ్గరలోని ఒక పాఠశాలలో ఒకటో తరగతికి తీసుకువెళ్తే, యు.కె.జి. సర్టిఫికెట్ తెమ్మన్నారు. లేదన్నాడు. “అది తప్పనిసరి. లేకపోతే పిల్లవాణ్ణి మళ్లీ యు.కె.జి.లో కూర్చోబెట్టండి, లేదా ప్రత్యేక శిక్షణ రుసుం కట్టండి” అన్నారు. ఆ రుసుం అతని నెల జీతంలో సగానికి పైబడి ఉన్నది. పరపతి సంఘంలో అప్పు తీసి కట్టాడు. కట్టిన తరువాత మా దగ్గరకు వచ్చాడు.

కట్టకముందు ఎందుకు రాలేదని అడిగాము. “తప్పనిసరి అన్నారండీ, రూలేమో అనుకున్నాను” అన్నాడు.

సోదరులారా, ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడినది. పాయింటు పనిచేయనప్పుడు క్లాంపు బిగించి తాళం వేయడానికి సంబంధించిన ప్రతి నియమం ఈ మనిషికి కంఠతా వచ్చు. ఏ రూలు, ఏ పేజీ అని స్టేషను మాస్టరును నిలదీయగల మనిషి. బడి గుమాస్తా ‘తప్పనిసరి’ అనేసరికి, ఆ రూలు చూపించమని ఒక్కసారి కూడా అడగలేదు. కాబట్టి ఈ రోజు మనం చేయవలసిన మొదటి పని ఆ రూలు పుస్తకాన్ని తెరిచి చూడడం.

మన దేశంలో ఎల్.కె.జి., యు.కె.జి. చదవడం ఏ పిల్లవానికీ కేంద్ర చట్టరీత్యా నిర్బంధం కాదు. 2009లో పార్లమెంటు ఆమోదించి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఉచిత, నిర్బంధ విద్యా హక్కు చట్టం ‘బాలుడు’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనమే ఆరు నుండి పద్నాలుగు సంవత్సరాల వయసు గలవాడని. ఆరేళ్లు నిండేదాకా పిల్లలను ఇంట్లో ఉంచుకున్న తల్లిదండ్రులు ఏ నేరమూ చేసినవారు కారు. ఆ తరువాత మాత్రం 10వ సెక్షను ప్రకారం, బిడ్డను సమీపంలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి. చేర్పించకపోతే ఇంత జరిమానా అని ఆ చట్టం తల్లిదండ్రులపై దండన విధించలేదు.

అయితే ఆ చట్టం పేరులోని ‘నిర్బంధ’ అన్న మాట ఎవరి మీద ఉన్నది? ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్న విషయం. 8వ సెక్షనులో దీనికి వివరణ ఉన్నది. నిర్బంధ విద్య అంటే ప్రతి బిడ్డకు ఉచితంగా ప్రాథమిక విద్య అందించడం, చేరికను, హాజరును, పూర్తిచేయడాన్ని సాధించడం ప్రభుత్వపు బాధ్యత అని అర్థం. నిర్బంధించబడినది ప్రధానంగా ప్రభుత్వం. తండ్రి కాదు, తల్లి కాదు, ఆరేళ్ల పసివాడు అసలే కాదు.

ఇక ఒకటో తరగతి గుమ్మం దగ్గరకు వద్దాము. ఆరేళ్లు దాటిన బిడ్డ అంతవరకు ఏ బడిలోనూ చేరకపోయినా, వయసుకు తగిన తరగతిలో చేర్చుకొనవలసినదేనని 4వ సెక్షను చెబుతున్నది. చేర్చుకునేటప్పుడు పిల్లవానికి గాని తల్లిదండ్రులకు గాని పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టరాదని 13వ సెక్షను నిషేధించినది. ఉల్లంఘించిన బడికి మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆపైన ప్రతిసారీ 50,000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. క్యాపిటేషన్ ఫీజు వసూలు చేస్తే, వసూలు చేసినదానికి పది రెట్ల వరకు జరిమానా. వయసు రుజువు లేదన్న కారణంతో నిరాకరించరాదని 14వ సెక్షను. యు.కె.జి. సర్టిఫికెట్ లేదన్న కారణంతో ఒకటో తరగతిని నిరాకరించే అధికారం ఈ చట్టంలో ఎక్కడా లేదు.

కాని ఇక్కడ మేము మీకు పూర్తి నిజం చెప్పవలసి ఉన్నది. సగం చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మాకు ఇష్టం లేదు. ‘అర్హత లేదు’ అనడం వేరు, ‘ఖాళీ లేదు’ అనడం వేరు. పేరున్న ప్రైవేటు బడి తన నర్సరీలోనే సీట్లు నింపుకొని, ఆ పిల్లలనే పై తరగతికి పంపుకుంటూ పోతే, ఒకటో తరగతి నాటికి బయటివారికి నిజంగానే చోటు ఉండదు. అసలు పట్టు అక్కడ ఉన్నది. చట్టంలో లేని నిర్బంధాన్ని సంత తెచ్చిపెట్టినది. మూడేళ్లకే బిడ్డను చేర్పించకపోతే ఆరేళ్లకు చోటు దొరకదన్న భయమే తల్లిదండ్రులను తరుముతున్నది. ఖాళీ లేదన్న బడితో వాదించి ప్రయోజనం లేదు. కాని నోటితో సర్టిఫికెట్ అడిగి, ‘ప్రత్యేక శిక్షణ’ పేరిట డబ్బు అడిగిన బడిని మాత్రం, ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మని కోరండి. రాసి ఇచ్చిన బడిని మేము ఇంతవరకు చూడలేదు.

బదిలీల మీద తిరిగే మనవారికి 5వ సెక్షను మరింత ముఖ్యం. ఒకటో తరగతిలోనో ఆపై తరగతులలోనో చదువుతున్న బిడ్డ, ఊరు మారినప్పుడు, ప్రభుత్వ బడికి గాని ఎయిడెడ్ బడికి గాని మారే హక్కు కలిగి ఉన్నాడు. పాత బడి ప్రధానోపాధ్యాయుడు బదిలీ సర్టిఫికెట్‌ను వెంటనే ఇవ్వవలసి ఉన్నది. అది ఆలస్యమైనదని కొత్త బడి చేర్చుకోకుండా ఉండరాదు. ఈ హక్కు కేంద్రీయ విద్యాలయాల వంటి ప్రత్యేక కోవ బడులకూ, ఎయిడ్ లేని ప్రైవేటు బడులకూ మారేందుకు వర్తించదన్నది కూడా గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు, ఆరేళ్ల లోపు పిల్లలను ఈ చట్టం ఎందుకు గుమ్మం బయట నిలబెట్టినదన్న ప్రశ్న. దీని వెనుక నూరేళ్ల కథ ఉన్నది, కొంచెం ఓపికతో వినండి.

1911లో గోపాలకృష్ణ గోఖలే నాటి సామ్రాజ్య శాసనసభలో నిర్బంధ ప్రాథమిక విద్యా బిల్లు ప్రవేశపెట్టారు. మరుసటి సంవత్సరం అది ఓడిపోయినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రాజ్యాంగంలో 45వ అధికరణం రాసుకున్నాము: పదేళ్లలోగా, పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య కల్పించడానికి రాజ్యం ప్రయత్నించవలెనని. ఆ వాక్యంలో ‘ఆరేళ్ల నుండి’ అన్న మాట లేదు, గమనించండి. పుట్టిన బిడ్డ దగ్గర నుండి అందరూ అందులో ఉన్నారు. పదేళ్ల గడువు 1960లో ముగిసినది. తరువాత ముప్పైమూడేళ్లకు, 1993లో, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అన్న కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్లు నిండేవరకు ఉచిత విద్య ప్రాథమిక హక్కేనని తీర్పు ఇచ్చినది. మన రాష్ట్రం పేరు మీద ఉన్న ఆ కేసు వైద్య, ఇంజనీరింగు కళాశాలల ఫీజుల గురించి మొదలై, చివరకు పసిపిల్లల హక్కు దగ్గరకు చేరడం విశేషం.

దాని తరువాత 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చినది. విద్యను 21ఎ అధికరణంగా ప్రాథమిక హక్కులలో చేర్చినందుకు అందరమూ సంతోషించాము. ఆ సంతోషంలో, అదే సవరణ మొదటి ఆరేళ్లను ఆ హక్కులో నుండి తప్పించినదన్న సంగతి చాలామందికి కనబడలేదు. ఆరు నుండి పద్నాలుగు వరకే హక్కు. ఆరేళ్ల లోపు వారికి మార్చిరాసిన 45వ అధికరణం మిగిలినది. అది రాజ్యం ‘ప్రయత్నించవలెను’ అని మాత్రమే చెబుతున్నది. దానికి తగినట్లే విద్యా హక్కు చట్టం 11వ సెక్షనులో, మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చును’ అన్నారు. ‘చేయవలెను’ అనలేదు. మన వేతన ఒప్పందాలలో ఈ రెండు మాటల మధ్య తేడా కోసం మనం ఎన్ని రాత్రులు కూర్చున్నామో ఇక్కడున్న పెద్దలకు తెలుసును.

మరొక విచిత్రం. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుండి ఆరేళ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీ భోజనం చట్టబద్ధమైన హక్కు. అదే గదిలో, అదే చాప మీద చెప్పే పాఠం మాత్రం హక్కు కాదు.

ఇతర దేశాల సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాము. ఫ్రాన్సు 2019 నుండి మూడేళ్లకే విద్యను నిర్బంధం చేసినది. కాని అప్పటికే అక్కడి పిల్లలలో అత్యధికులు ప్రభుత్వపు ఉచిత శిశు పాఠశాలలకు వెళ్తూనే ఉన్నారు. బడి ముందు వచ్చినది, నిర్బంధం తరువాత వచ్చినది. ఫిలిప్పీన్స్‌లో 2012 చట్టం ఐదేళ్ల పిల్లలకు ఒక సంవత్సరం కిండర్‌గార్టెన్‌ను తప్పనిసరి చేసినది. అది కూడా ఉచితంగా, తల్లి భాషలో చెప్పవలెనన్న షరతుతో. మన చుట్టుపక్కల చూస్తే, పాకిస్తాన్ 2010లో రాజ్యాంగానికి చేర్చిన 25ఎ అధికరణంలో ఐదు నుండి పదహారేళ్ల వరకు అన్నారు. శ్రీలంకలో కూడా నిర్బంధ విద్య ఐదేళ్లకు మొదలవుతుంది. బంగ్లాదేశ్ 1990 చట్టం ఆరు నుండి పదేళ్ల వరకు. ఆ దేశాల బడులన్నీ బంగారమని మేము అనడం లేదు. కాగితం మీది వయసు వేరు, తరగతి గదిలోని పిల్లవాడు వేరు.

‘కిండర్‌గార్టెన్’ అన్న జర్మను మాటకు పిల్లల తోట అని అర్థం. 1840 ప్రాంతంలో ఫ్రోబెల్ అనే ఆయన పెట్టిన పేరు. ఆటలు, పాటలు, చేతిపనులు అందులోని చదువు. పిల్లలకు నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నదన్న అనుమానంతో 1851లో ప్రష్యా ప్రభుత్వం ఆ తోటలను నిషేధించినది కూడా. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పారు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్ర గిరిజన గ్రామాలలో పిల్లల ఇళ్ల ముంగిట్లోకే బడిని తీసుకుపోయారు. అంగన్‌వాడీ అంటే ముంగిటి తోట అనే గదా అర్థం. ఇంత గొప్ప పేర్లున్న చదువు, నేడు మూడున్నరేళ్ల పిల్లచేత నాలుగు గీతల కాపీ పుస్తకంలో రోజుకు రెండు పేజీలు రాయించే స్థితికి వచ్చినది. హోంవర్కు చేయలేదని ఏడుస్తూ నిద్రపోయే ఎల్.కె.జి. పిల్లలు మన క్వార్టర్సులలో ఎంతమంది ఉన్నారో ఇక్కడి తల్లులు మాకంటే బాగా చెప్పగలరు.

ఇక మీ ముందు ఉన్న దారులు ఏమిటి?

మొదటిది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం నేడు దేశమంతటా విస్తరించినది. భోజనం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పూర్వ ప్రాథమిక విద్య అన్నీ అక్కడ ఉచితం. మనవారిలో ఒక చిన్నచూపు ఉన్నది. అంగన్‌వాడీ కూలివారి పిల్లలకు, మన పిల్లలకు కాదని. ఆ చిన్నచూపును మేము సమర్థించలేము. కాని కొన్ని కేంద్రాలకు సరైన గది లేదన్నది, ఒకే కార్యకర్త రికార్డులు, సర్వేలు, గర్భిణుల లెక్కలు రాసుకుంటూ పాఠం చెప్పే తీరిక లేకుండా ఉన్నదన్నది కూడా నిజమే. ఆమెకు లభించేది జీతం కాదు, గౌరవ వేతనం. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చేవరకు, ముప్పై ఏళ్లు పనిచేసినవారు కూడా వట్టి చేతులతో ఇంటికి పోయారు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వారు సమ్మెకు దిగి ఆరు వారాలు నిలబడినప్పుడు, ప్రభుత్వం అత్యవసర సేవల చట్టాన్ని వారిపై ప్రయోగించినది. ఆ చట్టం పేరు రైల్వే, తపాలా కార్మికులకు మేము పరిచయం చేయనవసరం లేదు. సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవ, జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ!

రెండవది కేంద్రీయ విద్యాలయం. 2022-23 నుండి ఎంపిక చేసిన విద్యాలయాలలో బాలవాటిక తరగతులు ప్రారంభమైనవి. మూడు, నాలుగు, ఐదేళ్లు నిండిన పిల్లలకు వరుసగా మూడు మెట్లు. అన్ని విద్యాలయాలలో మూడు మెట్లూ లేవు. మీ ఊరిలో ఏది ఉన్నదో ముందుగా విచారించుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు అక్కడ మొదటి ప్రాధాన్యం ఉన్నది. గడచిన ఏడేళ్లలో తండ్రి లేక తల్లి ఎన్నిసార్లు బదిలీ అయినదీ లెక్కలోకి తీసుకుంటారు. కావున బదిలీ ఉత్తర్వుల నకళ్లు పారవేయవద్దు. తపాలా శాఖలోని మా సోదరి ఒకామె ఒక్క ఉత్తర్వు నకలు దొరకక, ఉన్న బదిలీని నిరూపించలేక వరుసలో వెనుకబడినది.

మూడవది ప్రైవేటు బడులలోని 25 శాతం సీట్లు. విద్యా హక్కు చట్టం 12వ సెక్షను ప్రకారం బలహీన వర్గాల, వెనుకబడిన సమూహాల పిల్లలకు ఒకటో తరగతిలో ఈ సీట్లు ఇవ్వవలెను. ఆ బడిలో నర్సరీ ఉంటే, నర్సరీ చేరికలకు కూడా ఇది వర్తిస్తుందని అదే సెక్షను చెబుతున్నది. ఈ సంగతి బడులవారు గోడ మీద రాయరు. అల్పసంఖ్యాక వర్గాల బడులకు మాత్రం ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పినది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్ల భర్తీ 2022-23లోగాని మొదలు కాలేదు. ఆదాయ పరిమితులు రాష్ట్రానికి ఒక తీరుగా ఉండటం వల్ల రెగ్యులర్ ఉద్యోగులలో చాలామందికి ఇది అందదు. కాని మన మధ్యనే కోచ్‌లు శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు, పార్సిలు కూలీలు ఉన్నారు. వారికి ఈ మాట చెప్పేవారు ఎవరు? మనమే చెప్పవలెను.

ఇంట్లో ఉంచుకోవడం కూడా ఒక దారే. తాత, అమ్మమ్మ ఉన్న ఇంట్లో కథలు వింటూ, గింజలు ఏరుతూ పెరిగిన బిడ్డ ఆరేళ్లకు బడికి పోతే వెనుకబడిపోతాడని ఎవరైనా అంటే భయపడవద్దు. కాని ఇద్దరూ డ్యూటీలకు పోయే ఇంటిలో, బిడ్డను టీవీ ముందు కూర్చోబెట్టి తాళం వేసుకొనిపోయే పరిస్థితిలో, ఇది దారి అనిపించుకోదు. మహిళా ఉద్యోగులకు, ఒంటరి తండ్రులకు మొత్తం సర్వీసులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తరువాతి 365 రోజులకు 80 శాతం. బిడ్డ కొత్తగా బడిలో చేరే మొదటి వారాలకు దీనిని వాడుకోండి. సిబ్బంది కొరత పేరుతో సెలవును తిరస్కరిస్తే, తిరస్కరణను రాతపూర్వకంగా తీసుకొని బ్రాంచికి పంపండి.

పిల్లల చదువు భత్యం గురించి కొంచెం. 2017 జూలై నుండి నెలకు 2,250 రూపాయలుగా ఉన్న ఈ భత్యం, కరువు భత్యం 50 శాతానికి చేరడంతో, 2024 జనవరి 1 నుండి 2,812 రూపాయల 50 పైసలు అయినది. అంటే ఏడాదికి ఒక్కొక్క బిడ్డకు 33,750 రూపాయలు. పెద్ద బిడ్డలు ఇద్దరికి వర్తిస్తుంది. వికలాంగ బిడ్డకు రెట్టింపు. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగులైతే ఒకరే తీసుకొనవలెను. నర్సరీ నుండి పన్నెండు వరకు ఇది ఉన్నది గనుక శిశు తరగతులకు కూడా వస్తుంది. ఒకటో తరగతికి ముందు ఎన్ని తరగతులు లెక్కకు వస్తాయన్నది మీ శాఖ తాజా ఉత్తర్వులో చూసుకోండి. ప్రతి రసీదు అంటించవలసిన అవసరం లేదు, బడి ప్రధానోపాధ్యాయుని ధ్రువపత్రం చాలు. ఫీజు ఎంత కట్టినా మొత్తం ఒకటే. అయితే ఆ బడికి గుర్తింపు ఉండవలెను. వీధి చివర రంగు బొమ్మలు గీసి తెరిచిన ప్లేస్కూలుకు గుర్తింపు లేకపోతే, ఏడాది చివర మీ క్లెయిము తిరిగివస్తుంది. చేర్పించే రోజునే గుర్తింపు సంఖ్య అడగండి. గ్రామీణ డాక్ సేవకులకు ఈ నిబంధనలు నేరుగా వర్తించవు. వారిది వేరే ఏర్పాటు, దానికై వేరే పోరాటం.

ఈ భత్యం విషయంలో మేము ఆత్మవిమర్శ చేసుకొనవలసి ఉన్నది. ప్రతి వేతన సంఘం ముందూ మనం భత్యం పెంచమన్నాము, పెంచుకున్నాము. ఆ పెరిగిన మొత్తం ప్రైవేటు బడుల ఫీజులలోకి పోయినది. అదే కాలంలో రైల్వేవారి సొంత పాఠశాలలు ఒక్కొక్కటిగా తగ్గిపోతుంటే, మనం తీర్మానాలు చేశాము గాని గట్టిగా నిలబడలేదు. మన పిల్లలు అప్పటికే వేరే బడులలో ఉండటమే అందుకు కారణమని ఒప్పుకొనక తప్పదు.

వయసు విషయంలో ఒక హెచ్చరిక. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుండి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా పెట్టి, ఒకటో తరగతికి ఆరేళ్లు అన్నది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుండి ఆరేళ్లు నిండనివారిని ఒకటో తరగతిలో చేర్చుకోవడం మానివేసినవి. దానిపై తల్లిదండ్రులు ఢిల్లీ హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లినా ఫలితం లేకపోయినది. 2023లో గుజరాత్ హైకోర్టు మరొక అడుగు ముందుకు వేసి, మూడేళ్లు నిండకుండా పిల్లలను శిశు పాఠశాలకు బలవంతంగా పంపే తల్లిదండ్రులు చట్టవిరుద్ధమైన పని చేస్తున్నారని వ్యాఖ్యానించినది. రెండున్నరేళ్లకే చేర్పించి, తరువాత వయసు చాలక యు.కె.జి.ని రెండుసార్లు చదివించి, రెండుసార్లు ఫీజు కట్టినవారు ఈ హాలులోనే ఉన్నారు. తొందరపడవద్దు. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేర్చేటప్పుడు వయసుకు జనన ధ్రువపత్రమే ఆధారం. పేరు, పుట్టిన తేదీ అందులో సరిగా ఉన్నవో లేవో ఇప్పుడే సరిచూసుకోండి.

మన మహాసభలలో ఒక వాదం తరచు వినవస్తున్నది: శిశు విద్యను కూడా నిర్బంధం చేస్తూ చట్టం తేవలెనని. ఆ వాదం చేసేవారి ఉద్దేశం మంచిదే. అయినా మేము దానిని ఉన్నది ఉన్నట్లుగా అంగీకరించలేకపోతున్నాము. నడిచిపోయే దూరంలో ప్రభుత్వ శిశు పాఠశాల లేకుండా తల్లిదండ్రులపై నిర్బంధం పెడితే, లాభపడేది ప్రైవేటు యజమాని ఒక్కడే. గ్యాంగు క్వార్టర్సులో ఉండే ట్రాక్ మెయింటెయినరు తన నాలుగేళ్ల కూతురిని రోజూ లెవెల్ క్రాసింగు దాటించి ఎక్కడికి తీసుకువెళ్లగలడు? మేము అడుగుతున్నది 11వ సెక్షనులోని ‘చేయవచ్చును’ అన్న మాటను ‘చేయవలెను’గా మార్చమని. ముందు నిర్బంధం ప్రభుత్వం మీద ఉండనీయండి. బడి వచ్చిన తరువాత, అందులో శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు నెల జీతంతో కూర్చున్న తరువాత, తల్లిదండ్రుల బాధ్యత గురించి మాట్లాడుకుందాము. 2020 విధానం 2030 నాటికి అందరికీ శిశు విద్య అందిస్తామన్నది. 1960 గడువు ఏమైనదో చూసినవారము గనుక గడువులను మేము అంత తేలికగా నమ్మము.

అంతవరకు ఊరకుండవలసిన పని లేదు. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఇచ్చిన ఉత్తర్వు ఒకటి ఉన్నది. గ్రామాలలో గాని మురికివాడలలో గాని ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే, అడిగిన మూడు నెలలలోగా కేంద్రం ఇవ్వవలెనని దాని సారాంశం. పట్టాల పక్కన గుడిసెలలో కాంట్రాక్టు కార్మికులు నివసిస్తున్న ప్రతి జంక్షనులోనూ ఈ లెక్క తీయవలెను. మన కాలనీలకు ఆ ఉత్తర్వు నేరుగా వర్తించకపోయినా, అదే కొలబద్దతో అడగవచ్చును. ఒక బ్రాంచివారు కాలనీలోని పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఒక నోటు పుస్తకంలో రాసుకొని, ఖాళీగా పడి ఉన్న క్వార్టరును కేంద్రానికి ఇమ్మని డివిజను అధికారులకు అర్జీ పెట్టారు. క్వార్టరు ఇవ్వడానికి పదకొండు నెలలు తిప్పారు. ఇప్పుడు అక్కడ అంగన్‌వాడీ నడుస్తున్నది. ఉదయం షిఫ్టుకు పోయే గార్డు, లోకో పైలటు తమ పిల్లలను అక్కడ దింపి పోతున్నారు. గోడలకు సున్నం మనవాళ్లే వేశారు, కొంచెం వంకరగా వచ్చినది.

అలాగే, 50 మంది గాని అంతకు పైబడి గాని పనిచేసే సంస్థలలో శిశు సంరక్షణ గృహం ఉండవలెనని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పినది. సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నియమాన్ని ఉంచారు. పెద్ద వర్కుషాపులలో, ఆర్.ఎం.ఎస్. కేంద్రాలలో, ప్రధాన తపాలా కార్యాలయాలలో ఎన్నింటిలో అటువంటి గృహం ఉన్నదో, ఉన్నచోట ఊయలలో పిల్లలున్నారో పాత ఫైళ్లున్నాయో, ప్రతి బ్రాంచీ స్వయంగా పోయి చూసి రెండు నెలలలోగా సమాఖ్య కార్యాలయానికి రాసి పంపవలసిందని కోరుతున్నాము.

మొదట చెప్పిన పాయింట్స్‌మన్ సోదరుని విషయం. అతని అర్జీని మండల విద్యాధికారికి పంపాము. కట్టిన రుసుంలో కొంత తిరిగి వచ్చినది, మిగిలిన దానికి బడివారు పుస్తకాల ఖర్చు అని లెక్క చూపించారు. దానిపై రెండవ అర్జీ నడుస్తున్నది. పిల్లవాడు ఇప్పుడు రెండో తరగతిలో ఉన్నాడు. భోజనాల తరువాత పక్క గదిలో మన న్యాయ సహాయ విభాగం వారు కూర్చుంటారు. పిల్లల జనన ధ్రువపత్రాలు, బదిలీ ఉత్తర్వుల నకళ్లు, బడి రసీదులు తెచ్చినవారు వరుసలో రావలసిందిగా కోరుతున్నాము. తేనివారు పేరు, స్టేషను లేదా తపాలా కార్యాలయం రాసి ఇచ్చి వెళ్తే, బ్రాంచివారే మీ వద్దకు వస్తారు.